ఆడని రెండు మ్యాచ్‌లు



2018 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలోని గోల్డ్‌కోస్ట్‌లో కామన్వెల్త్ క్రీడలు జరిగాయి. బ్యాడ్మింటన్ మిక్స్‌డ్ టీమ్ పోటీలో మన దేశానికి మొదటిసారి బంగారు పతకం వచ్చింది అప్పుడే. ఫైనల్లో మన గుంటూరు కిదాంబి శ్రీకాంత్ మలేషియా దిగ్గజం లీ చోంగ్ వీని వరుస గేముల్లో ఓడించాడు. జట్టుకి కోచ్ పుల్లెల గోపీచంద్. ఆయన పుట్టింది మన నాగండ్లలోనే. ఇదంతా మా స్టాఫ్‌రూమ్‌లో అందరికీ కంఠతా వచ్చు.

నేను చెప్పాలనుకున్నది ఆ ఫైనల్ గురించి కాదు, దానికి ముందు జరిగిన క్వార్టర్ ఫైనల్ గురించి. మనతో ఆడింది మారిషస్. స్కోరు 3-0. పేపర్లో నేను చూసింది కూడా అంతే, ఒక్క లైను.

ఈ టీమ్ పోటీ ఎలా జరుగుతుందో తెలియనివారి కోసం చెబుతాను. మొత్తం ఐదు మ్యాచ్‌లు ఉంటాయి. అబ్బాయిల సింగిల్స్, అమ్మాయిల సింగిల్స్, అబ్బాయిల డబుల్స్, అమ్మాయిల డబుల్స్, మిక్స్‌డ్ డబుల్స్. నాకౌట్ దశలో ఎవరు ముందు మూడు గెలిస్తే వాళ్ళదే పోటీ. మిగిలిన రెండూ ఇక ఆడించరు. అంటే ఆ రోజు కొందరు బూట్ల లేసులు కట్టుకుని, వార్మప్ చేసి, తమ వంతు కోసం కూర్చున్నారు. ఆ వంతు రాకుండానే బ్యాగులు సర్దుకున్నారు. 3-0 అనే అంకెలో వీళ్ళు కనపడరు.

పోనీ మారిషస్‌ది ఏదో సరదాకి వచ్చిన జట్టా అంటే, కాదు. ఆ దేశం మొత్తం జనాభా 12, 13 లక్షలు. మన ఉమ్మడి ప్రకాశం జిల్లాలోనే 2011 లెక్కల ప్రకారం దాదాపు 34 లక్షల మంది ఉన్నాం. అంత చిన్న దీవి నుంచి అమ్మాయిల జట్టు 2016లోనూ 2018లోనూ ఊబర్ కప్‌కి ఆఫ్రికా తరఫున వెళ్ళింది. కేట్ ఫూ కూన్ అనే అమ్మాయి 2016 రియో ఒలింపిక్స్‌లో తన దేశం జెండా పట్టుకుని నడిచింది. ఆమె అక్క కారెన్ 2008లో బీజింగ్ ఒలింపిక్స్‌లో ఆడింది. ఆఫ్రికాలో గెలిచిన జట్టు ఆసియా జట్ల ముందుకి వచ్చేసరికి మొదటి రౌండ్లలోనే వెనుదిరుగుతుంది. అయినా మళ్ళీ వస్తుంది. మనం మాత్రం ఏమంత ముందున్నాం? థామస్ కప్ 1949లో మొదలైతే మన చేతికి వచ్చింది 2022లో.

ఇప్పుడు మన క్యాంపస్ సంగతి.

ఎనిమిదో తరగతిలో ఒక పాప షటిల్ ఆడుతుంది. సాయంత్రం నాలుగు దాటితే పాకల వైపు నుంచి సముద్రపు గాలి మొదలవుతుంది, కాక్ ఎటు కొడితే ఎటు పోతుందో తెలియదు. అందుకే పీఈటీ సార్ పిల్లల్ని పొద్దున్నే రమ్మంటారు. ఈ పాప అందరికన్నా ముందు వచ్చి నెట్ కడుతుంది. మొన్న వేరే ఊళ్ళో స్కూళ్ళ పోటీకి మన జట్టుతో వెళ్ళింది. మన పిల్లలు మొదటి మూడూ ఓడిపోయారు. ఈ పాపది నాలుగో మ్యాచ్.

తర్వాతి వారం ఇంగ్లీషు కాంపోజిషన్‌లో 'మై మ్యాచ్' అని పెట్టి మూడు లైన్లు రాసింది. చివరి లైను 'ఐ యామ్ రెడీ టూ అవర్స్'. ఎర్ర పెన్నుతో 'ఐ వాజ్ రెడీ ఫర్ టూ అవర్స్' అని దిద్దాను. దిద్దాక ఆ లైను ఇంకోసారి చదివాను.

పేరెంట్స్ మీటింగ్‌కి వాళ్ళ నాన్నగారు వచ్చారు. పొగాకు, మిరప వేసే రైతు. ప్రోగ్రెస్ కార్డు చూసి, "ఆడనే లేదంటగా మేడమ్. అంత దూరం పోయి ఊరికే కూర్చుని వచ్చిందంట. ఆ టైంలో నాలుగు లెక్కలు చేసుకున్నా మార్కులొచ్చేయి గదా. గేమ్స్ పీరియడ్ తీసేసి ఫౌండేషన్ క్లాసులో కూర్చోబెట్టండి" అన్నారు. ఫీజు కట్టేది ఆయన, అడిగే హక్కు ఆయనది. ఇందులో ఆయన్ని తప్పుపట్టేది నాకేమీ కనపడలేదు. మార్కుల విషయంలో మేమూ ఇలాగే మాట్లాడతాం కదా.

కాంపోజిషన్ నోట్‌బుక్ తెచ్చి ఆ లైను తెలుగులో చెప్పాను. 'రెండు గంటలసేపు రెడీగానే ఉన్నాను' అని. ఆయనేమీ అనలేదు. అప్పుడు మారిషస్ కథ చెప్పాను.

"అదెక్కడ మేడమ్?"

ఆఫ్రికా పక్కన, హిందూ మహాసముద్రంలో అన్నాను. బ్రిటిష్ కాలంలో కాకినాడ దగ్గర కోరంగి రేవు నుంచి మనవాళ్ళు ఓడలెక్కి అక్కడి చెరుకు తోటల్లోకి కూలికి వెళ్ళారని, అందుకే అక్కడ తెలుగువాళ్ళని కోరంగీలనే పిలిచేవారని, ఉగాదికి ఆ దేశంలో ప్రభుత్వ సెలవు ఉందని చెప్పాను.

"అట్టనా? ఆడ మనోళ్ళున్నారా?" అని కుర్చీలో ముందుకి జరిగారు. ఆ బ్యాడ్మింటన్ జట్టులో తెలుగు పిల్లలున్నారని నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. కాసేపాగి, "అయితే ఆ ఆడనోళ్ళు మళ్ళా పోయారా పోటీలకి?" అన్నారు. అమ్మాయిల జట్టు మరుసటి నెలలోనే ఊబర్ కప్‌కి బ్యాంకాక్ వెళ్ళిందన్నాను.

గేమ్స్ పీరియడ్ సంగతి ఆయన తేల్చలేదు. హాఫ్ ఇయర్లీ మార్కులు చూసి చెబుతానన్నారు. లెక్కల్లో పాప వెనకబడిన మాట నిజమే కాబట్టి నేనూ సరే అన్నాను. వెళ్తూ వెళ్తూ గ్రౌండ్ దగ్గర పీఈటీ సార్‌ని కలిశారు. పాప రాకెట్‌కి రెండు చోట్ల తీగ తెగి ఉంది. దాన్ని చేతిలో తిప్పి చూసి, ఇది ఒంగోల్లో ఎక్కడ వేస్తారని అడిగారు.