చిన్న మాటల పెద్దరికము



ఇంగ్లీషు రాదని మనలో పెక్కుమంది సిగ్గుపడుచుందురు. నిజము విచారించినచో మన యిండ్లలో ఇంగ్లీషు వినబడని దినము లేదు. గ్లాసు, ప్లేటు, కుక్కరు, బస్సు, టికెట్టు, డాక్టరు, బిల్లు - ఈ మాటలను చదువు నేర్వని ముదుసలి సైతము దినమునకు పదిమారులు పలుకును. మనకు పట్టుబడనివి ఇట్టి మాటలు కావు. ది, ఆఫ్, ఇన్, ఇఫ్, నాట్ అను చిట్టి మాటలు.

ఇందులకు కారణము కలదు. పొరుగుదేశమునుండి వస్తువు వచ్చినపుడు దాని పేరును వెంటనే వచ్చును. వాక్యమును అతుకు చిన్న మాటలను మాత్రము ఏ భాషయు అంత సులభముగా ఎరువు పుచ్చుకొనదు. మనము ‘బస్సులో’ అందుము గాని ‘ఇన్ బస్సు’ అనము. పేరు వారిది, విభక్తి మనది. మఱియు మన విభక్తి పేరునకు వెనుక నడచును. వారి చిన్న మాట ముందు నడచును. అందుచేత ఇంగ్లీషు వాక్యము కంటబడినపుడు మాటలు పరిచితములుగనే తోచును. అర్థము మాత్రము చేజిక్కదు.

ఇది యొక్కొక్కప్పుడు అపాయకరమగును. మా పినత్తగారు తెలుగు చక్కగా చదువుదురు. ఇంగ్లీషును కూడబలుకుకొని చదువగలరు. మోకాళ్ల నొప్పికై తెచ్చిన మాత్రల పెట్టెమీద ‘నాట్ టు బి టేకెన్ ఆన్ యాన్ ఎంప్టీ స్టమక్’ అని యుండెను. ‘ఎంప్టీ’, ‘స్టమక్’ అను రెండు మాటలను ఆమె యెఱుగుదురు. పరగడుపున వేసికొనవలయునని గ్రహించి, కాఫీకంటె ముందే మాత్ర మ్రింగుచు ఐదు దినములు కడుపుమంటతో బాధపడిరి. పెద్ద మాటలు రెండును తెలిసియే యున్నవి. మూడక్షరముల ‘నాట్’ తెలియక వచ్చిన బాధ యిది. తెలుగులో వద్దు, కూడదు, లేదు అను నిషేధము సాధారణముగా వాక్యము చివర నుండును. మన చూపు అక్కడనే వెదకును. ఇంగ్లీషున అది మొదటనో నడుమనో ఒదిగియుండును.

పిమ్మట ఆమె మనుమరాలిని పిలిచి, పండ్ల పేర్లును జంతువుల పేర్లును వలదనియు, చిన్న మాటలే చెప్పవలసినదనియు కోరిరి. నాట్, ఇఫ్, బిఫోర్, ఆఫ్టర్, విత్, వితౌట్, అంటిల్, ఓన్లీ - ఈ యెనిమిదింటిని పాత కాలెండరు వెనుక వ్రాయించుకొని, దినమున కొకటి చొప్పున, ఇంటిలోని సీసాలమీదను పొట్లములమీదను వెదకి పట్టుకొనిరి. ఇపుడు మా యింటికి మందు వచ్చినచో మొదట చదువువా రామెయే.

ఆమె ఎన్నుకొన్న మార్గము పండితుల మార్గమునకు దూరము కాదు. ఇంగ్లీషులో మిక్కిలి తఱచుగా వచ్చు నూఱు మాటలే వ్రాతలో ఇంచుమించు సగభాగ మాక్రమించునని లెక్కించినవారు చెప్పుదురు. అమెరికాలో ఎడ్వర్డు విలియం డాల్చ్ 1936లో బాలుర చదువుకొఱకు 220 మాటల పట్టిక కూర్చెను. అందు నామవాచకములు చేర్చలేదు. ఇంగ్లండులో సి. కె. ఆగ్డెన్ 1930లో 850 మాటలతో ‘బేసిక్ ఇంగ్లీషు’ నేర్పఱచి, గో, కమ్, గివ్, టేక్, పుట్ మొదలగు 18 క్రియలతోనే పని జరుపవచ్చునని చూపెను. ఈ చిన్న మాటలలో పెక్కులు ఆ దేశపు ప్రాతమాటలు. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిదప కొలువులోను న్యాయస్థానములోను ఫ్రెంచిమాటలు వేలకొలది చేరినను, వాక్యమును నిలుపు పని ఈ యింటిమాటలదే యయ్యెను. మనకును జలము, గృహము సంస్కృతమునుండి వచ్చినను, ‘లో’, ‘కు’, ‘తో’ తెలుగువే కదా!

మందులయందే కాదు, ధనమునందును వీని పెత్తనము గలదు. చెక్కుమీద పేరు తరువాత ‘ఆర్ బేరర్’ అని అచ్చువేసి యుండును. ‘ఆర్’ అనగా ‘లేక’. ఆ రెండు మాటలను కొట్టివేయనిచో, పేరుగలవారికే కాక, చెక్కు పట్టుకొని వచ్చినవారికిని సొమ్ము చెల్లవచ్చును. మొత్తమును అక్షరములలో వ్రాసి చివర ‘ఓన్లీ’ అని చేర్చుట, పిదప మఱెవ్వరును అంకె పెంచకుండుటకే. చేవ్రాలు చేయుట నేర్చిన మనము ఈ కావలిమాటలను నేర్వకుండుట తగునా?

ఇవి వచ్చినంతమాత్రమున మనము పండితురాండ్రము కాజాలము. ఇంగ్లీషున ఉపన్యసింపను జాలము. కాని బిడ్డనోట పోయు మందు భోజనమునకు ముందో వెనుకనో యొకరి నడుగక తెలిసికొందుము. నేడే వంటింటి అలమరలోని సీసా నొకదానిని చేతికి తీసికొనుడు. తెలిసిన పెద్ద మాటలను విడిచి, వాని నడుమనున్న చిన్న మాటలను చదువుడు.