వాడరేవులో వేట లేని రోజులు

చీరాలలో ఆటో ఎక్కితే వాడరేవు అరగంట కూడా పట్టదు. వాడ అంటే పాత మాటలో ఓడే. ఇప్పుడు ఓడలేవీ లేవు, ఇంజన్ బిగించిన ఫైబర్ పడవలే.

నేను వెళ్లింది మే నెలలో. పడవలన్నీ ఇసుక మీదే ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు మోటారు పడవల వేటకి నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలం మరి. వల బాగుచేస్తున్న పెద్దాయన్ని "ఖాళీయేనా బాబాయ్?" అన్నా. "చేతులకి పనుంది, జేబే ఖాళీ" అన్నాడు. ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 10 వేల నుంచి 20 వేలకి పెరిగింది. రెండు నెలల ఇంటి ఖర్చు, పైగా ఇంజన్ రిపేరు... లెక్క మీరే వేసుకోండి.

అక్కణ్ణుంచి చినగంజాం వైపు వెళ్తే మోటుపల్లి. అసలు చూడాల్సింది ఇదే. వీరభద్రస్వామి గుడి దగ్గర కాకతీయ గణపతిదేవుడి అభయ శాసనం ఉంది, 1244 నాటిది. అంతకుముందు తుపానుకి ఓడ పగిలి ఒడ్డుకి కొట్టుకొస్తే అందులో బంగారం, గుర్రాలు, ఏనుగులు ఏమున్నా రాజులే లాగేసుకునేవాళ్లట! మునిగినవాణ్ణి మళ్లీ ముంచడం అన్నమాట. గణపతిదేవుడు అది ఆపేశాడు: సుంకం కట్టండి చాలు, మిగతా సరుకు మీదే.

తర్వాత మార్కోపోలో 'ముత్ఫిలి' అని రాసింది ఈ రేవు గురించే అంటారు. ఆయన కళ్లు మాత్రం ఎక్కువగా వజ్రాల మీదా, సన్నటి బట్టల మీదా పడ్డాయి.