కాలు మీద కాలు

మా స్టాఫ్‌రూంలో ‘జై భీమ్’ సినిమా గురించి మాట్లాడుకున్న రోజు నేను అబద్ధమాడాను.

2021 నవంబరులో వచ్చిందా సినిమా. హాళ్ళలో కాదు, అమెజాన్ ప్రైమ్‌లో. అందరూ ఎవరింట్లో వాళ్ళు చూసేసి వచ్చారు. ‘మరీ అతి చేశాడండీ, ఇంకా ఎక్కడున్నాయి కులాలు’ అన్నారు లెక్కల మాస్టారు. ఇంకొకాయన నా వైపు తిరిగి, ‘మీకెట్టా ఉంది మేడమ్?’ అన్నారు. గదిలో చప్పుడు ఆగింది. అడిగింది సినిమా గురించి కాదని నాకు తెలుసు. ‘ఫోటోగ్రఫీ బాగుందండీ’ అన్నాను. ఆ మాట అన్న నోరు సాయంత్రం దాకా చేదుగానే ఉంది.

ఫోటోగ్రఫీ ఎట్టా ఉందో నేను చూళ్ళేదు. రెండుసార్లు చూశాను, రెండుసార్లూ కళ్ళనిండా నీళ్ళే. మూడోసారి మా అమ్మని పక్కన కూచోబెట్టుకుని చూశాను.

మా అమ్మది కారంచేడు. చీరాలకి ఏడు కిలోమీటర్లు. 1985 జూలై 17న మాదిగపల్లె మీద పడి ఆరుగుర్ని చంపిననాడు, చేలకి అడ్డంపడి చీరాల పారిపోయొచ్చిన వాళ్ళలో మా అమ్మ ఒకతె. అప్పటికింకా పెళ్ళి కాలేదు. చర్చి ఆవరణలో గుడారాల కింద బతికారు. చాలామంది మళ్ళీ ఆ ఊరు పోలేదు. నేను పుట్టింది చీరాల కాలనీలోనే. అమ్మ పొగాకు గ్రేడింగుకి పోయి, మిరప కోతలకి పోయి, ఆ ఘాటుకి దగ్గీ దగ్గీ నన్ను బి.ఇడి. దాకా తెచ్చింది. మా రెండు వైపులా డిగ్రీ కాయితం పట్టుకున్న మొదటిదాన్ని నేనే.

ఇంత చేసిన మనిషి, ఆ రోజేం జరిగిందో మాత్రం నాకెప్పుడూ చెప్పలేదు. అడిగితే ‘అన్నం తిను’ అనేది. కాలేజీ హాస్టల్లో ఎవరో ఇచ్చిన పుస్తకంలో చదివాను, చెరువు నీళ్ళ దగ్గర గొడవ మొదలైందని, మున్నంగి సువార్త బిందె ఎత్తిందని, తెల్లారి ఊరుఊరంతా కదిలొచ్చిందని. కన్నతల్లి కథని అచ్చులో చదువుకోటం ఎట్టా ఉంటదో చదివిన వాళ్ళకే తెలుసు. 2008లో సుప్రీంకోర్టు తీర్పొచ్చిన రోజు కూడా అమ్మ పనికి పోయింది.

‘జై భీమ్’ తమిళనాడులో 1993లో జరిగిన ఒక కేసు. అసలు కేసులో వాళ్ళు కురవలు, సినిమాలో ఇరులర్లని చేశారు. మనిషిని పోలీసులు లాకప్పులో చంపేస్తే కడుపుతో ఉన్న అతని భార్య లాయర్ చంద్రు దగ్గరికి పోద్ది. కొట్టే సీన్లు వచ్చినప్పుడు అమ్మ తల తిప్పుకుంటదేమోనని చూశాను. తిప్పుకోలా. నేనే తిప్పుకున్నాను. ఆ చినతల్లి పోలీసు జీపెక్కకుండా నడిచిపోతా ఉంటే, జీపు ఆమె వెనకాల మెల్లిగా పాకతా వచ్చే చోట మాత్రం అమ్మ నవ్వింది. పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

చివర్లో చంద్రు కుర్చీలో పేపర్ చదువుతుంటాడు. చినతల్లి కూతురు పక్క కుర్చీలో కూచుని, తనూ పేపర్ పట్టుకుని, కాలు మీద కాలేసుకుంటది. ఆయన్ని చూసి జంకుద్ది. ఆయన పరవాలేదన్నట్టు సైగ చేస్తాడు. మళ్ళీ వేసుకుంటది. దేశమంతా చప్పట్లు కొట్టిన సీను. నా క్లాసులో వెనక బెంచీ పిల్లలు కళ్ళ ముందు మెదిలి నేనూ ఏడ్చాను. అమ్మ మాత్రం, ‘ఆయన తలూపిందాకా ఆగింది చూశావా’ అంది.

‘చిన్నపిల్ల కదమ్మా’ అన్నాను.

‘సువార్తకి ఎవురు తలూపారే, బిందె ఎత్తమని?’

నాకు నోట మాట రాలేదు. 1938లో గూడవల్లి రామబ్రహ్మం తీసిన ‘మాలపిల్ల’ మీరు చూసే ఉంటారు. దాంట్లోనూ శాస్త్రిగారి మనసు మారాలి, అప్పుడే కథ ఒడ్డున పడుద్ది. ఇన్నేళ్ళ సినిమాలో మా అమ్మకి కనపడింది నాకు కనపడలేదు. నేను ఎమ్మే చదివినదాన్ని.

ఆ రాత్రే అమ్మ చెప్పింది. అంతా కాదు, కొంచెం. చేలల్లో పరిగెత్తింది, ఒంటి మీద లంగా ఓణీ తప్ప ఏమీ లేంది. చీరాల పొలిమేరలో ఎవరో ఆడమనిషి చెంబుతో నీళ్ళు తెచ్చిందంట. అమ్మ అలవాటుగా వంగి దోసిలి పట్టింది. ‘చెంబు తీసుకోమ్మా’ అందంట ఆవిడ. ‘తీసుకోటానికి చేతులు రాలేదే’ అంది అమ్మ. ఆ మాట ఏ పుస్తకంలోనూ లేదు.

మా స్టాఫ్‌రూంకి ‘కలర్ ఫోటో’ బాగా నచ్చింది. నాకూ నచ్చింది, సుహాస్‌ని చూస్తే మా తమ్ముడు గుర్తొచ్చాడు. కానీ గొడవంతా ఒంటి రంగు మీద పెట్టారు. రంగంటే ఎవరికీ కోపం రాదు. 2020లోనే కరుణకుమార్ తీసిన ‘పలాస 1978’ సంగతెత్తితే, చూళ్ళేదన్నారు అందరూ. అందులో కులాన్ని కులమనే అన్నారు. కత్తులూ నెత్తురూ కాస్త ఎక్కువైనా నేను దాని పక్షమే.

పుస్తకాల్లో ఈమధ్య వై.బి. సత్యనారాయణ ‘మా నాయన బాలయ్య’ చదివాను. రైల్వేలో చిన్న కొలువు ఒక మాదిగ కుటుంబాన్ని ఊరి నుంచి ఎట్టా విడిపించిందో చదువుతుంటే, మా తాతకీ చీరాల స్టేషన్లో ఏ జెండా ఊపే పనో దొరికుంటేనా అనుకున్నాను.

ఇప్పుడు రాత్రిళ్ళు అమ్మకి జి. కళ్యాణరావు ‘అంటరాని వసంతం’ చదివి వినిపిస్తున్నాను. 2000లో వచ్చిన నవల. ఎల్లన్న పాట కట్టే చోట అమ్మ పెదాలు కదిలాయి. కరువులో బకింగ్‌హాం కాలవ తవ్వే పనికి పోయిన మనోళ్ళని మిగతా కులాలోళ్ళు తరిమే చోట ‘ఆగు, మళ్ళీ చదువు’ అంది. ‘మన పెదగంజాం కాలవేనా?’ అంది. ఆ కాలవేనమ్మా అన్నాను. ‘మట్టి తవ్వితే కూడా అంటేనా!’ అని చాలాసేపు మాట్లాడలేదు.

పుస్తకానికి న్యూస్‌పేపర్ అట్ట వేసుకుని బడికి తీసుకుపోయేదాన్ని. నలిగిపోకుండా అని నాకు నేను చెప్పుకునేదాన్ని. మొన్నొకరోజు ఖాళీ పీరియడ్లో లెక్కల మాస్టారు ‘ఏం చదువుతున్నారు మేడమ్?’ అన్నారు. నాలిక చివర ఇంకో అబద్ధం రెడీగానే ఉంది. చెంబు గుర్తొచ్చింది. అట్ట తీసి పుస్తకం ఆయన ముందు పెట్టాను. ‘మా అమ్మకి చదివి వినిపిస్తున్నానండీ. మాది కారంచేడు’ అన్నాను. చేతులు వణికిన మాట నిజం. ఆయన పేరు చూశారు, వెనక అట్ట చదివారు. ‘ఒకసారి ఇస్తారా?’ అన్నారు. ఇచ్చేశాను.

మూడు వారాలైంది. చదివారో లేదో, ఆ ఊసే ఎత్తటం లేదు. అమ్మ మాత్రం రోజూ అన్నాలైనాక మంచం వాల్చుకుని కూచుంటంది.

‘సగంలో ఎందుకిచ్చావే? తర్వాతేమైందో నాకెవురు చెప్తారు? పోయి అడుగు.’

రేపు సోమవారం. మూడో పీరియడ్ ఇద్దరికీ ఖాళీ.