రంగు పెన్సిలుతో నా సహవాసం

ఉద్యోగ విరమణ చేసి పదిహేనేళ్ళు దాటినా నన్ను మరువక, ఆదివారపు చిత్రలేఖనం తరగతి గురించి నాలుగు మాటలు రాయమని కోరిన మన పత్రిక సంపాదకవర్గానికి ముందుగా కృతజ్ఞతలు. రాయడం నా విద్య కాదు. గీయడం కొంత తెలుసు. ఆ తెలిసిన విద్యలోనే ఒకసారి పెద్ద పొరపాటు చేశాను. దాన్ని గురించి ఇంతవరకు ఎవరికీ వివరంగా చెప్పలేదు. ఆ బొమ్మను మన క్లబ్బు హాలులో మీలో చాలామంది చూసి ఉంటారు గనుక, చెప్పవలసిన చోటు ఇదేనని తోచింది.

రాజమహేంద్రవరంలో చదువుకునే రోజుల్లో దామెర్ల రామారావు గారి చిత్రశాలకు తరచు వెళ్ళేవాణ్ణి. 1897లో పుట్టి 1925లోనే కన్నుమూసిన ఆ మహానుభావుని నీటిరంగుల చిత్రాల ముందు నిలబడినప్పుడల్లా, చిత్రకళ అంటే కుంచె, కుంచె అంటే చిత్రకళ అనే భావం నాలో స్థిరపడింది. డ్రాయింగు లోయరు, హయ్యరు పరీక్షలు ప్యాసయ్యాను గాని, రంగు పెన్సిలును మాత్రం పలకా బలపాల వరుసలోనే ఉంచాను. అది పిల్లల వస్తువు.

ఆ వస్తువు చేతికి అలవాటయింది మన డ్రాయింగు ఆఫీసులో. 1974లో ట్రేసరుగా చేరాను. ట్రేసింగు కాగితం మీద నల్లసిరాతో గీయడం, తప్పు పడితే బ్లేడుతో పైపైన గీకి, నున్నగా రుద్ది, మళ్ళీ గీయడం మా పని. తరువాత డ్రాఫ్ట్స్‌మన్‌నయ్యాను, ఆ తరువాత పదేళ్ళకు పైగా చెకర్‌గా ఉన్నాను. ఇతరులు గీసిన డ్రాయింగు అమ్మోనియా ప్రింటు రూపంలో నా బల్ల మీదికి వచ్చేది. సరిగా ఉన్న ప్రతి కొలత మీద పసుపు పెన్సిలు, తప్పు ఉన్న చోట ఎర్ర పెన్సిలు. ఒక బేరింగు గూటి కొలతలో అర మిల్లీమీటరు తేడా నా కంటిని తప్పించుకుపోతే అక్కడ మిల్లు ఆగుతుంది. అందుచేత తప్పు పట్టడమే నా జీతానికి అర్థం. ఒక డ్రాయింగు చేతికివ్వగానే నా కన్ను మొదట వెతికేది అందులో ఏది లోపించిందని. ఈ అలవాటును పాఠకులు గుర్తుంచుకోవాలి.

భోజన విరామంలో పాడైన ప్రింట్ల వెనుక అవే పెన్సిళ్ళతో మిత్రుల ముఖాలు గీయడం మొదలుపెట్టాను. 1989లో శిక్షణకై జర్మనీ వెళ్ళివచ్చిన ఒక సహోద్యోగి, నా పిచ్చి తెలిసినవాడు గనుక, ముప్పయ్యారు పెన్సిళ్ళ ఫేబర్-కాస్టెల్ రేకు పెట్టె తెచ్చి ఇచ్చాడు. పాలిక్రోమోస్ అని దాని పేరు. 1908 నుంచీ తయారవుతున్న రకం. మొదటి రోజు ఒక పెన్సిలు జారి గచ్చు మీద పడింది. పైకి ఏమీ కాలేదు గాని, చెక్కినప్పుడల్లా మొన విరిగి ఊడిపడేది. మామూలు పెన్సిలు ములుకును బంకమట్టితో కలిపి కొలిమిలో కాలుస్తారు. రంగు పెన్సిలు ములుకు రంగుపొడి, మైనం లేక నూనె, కొంత సుద్ద కలిపిన ముద్ద మాత్రమే. కాల్చితే రంగు పోతుంది. అందుకే అంత మెత్తన. కింద పడితే కర్ర లోపలనే ముక్కలవుతుంది. మా ఇంట్లో ఆ పెట్టెను పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకునేవాళ్ళం.

ఈ మాధ్యమంలో ఉన్న చిక్కు చెబుతాను. కాగితానికి కంటికి కనపడని గరుకుదనం ఉంటుంది. రంగు ఆ గరుకులోని గుంటలలో నిలుస్తుంది. తేలికైన చేతితో పొర మీద పొర వేస్తే, అడుగున పసుపు, పైన నీలం కలిసి కంటికి ఆకుపచ్చగా కనపడతాయి. గట్టిగా నొక్కితే గుంటలన్నీ ఒక్కసారే నిండిపోతాయి, ఆపైన ఏ రంగూ పట్టదు. రబ్బరుతో రుద్దితే పైపొర కొంత లేస్తుందేమో గాని, మరక మిగిలే ఉంటుంది. తెలుపు కావలసిన చోట ముందే వదిలిపెట్టుకోవాలి. పిల్లి మీసాల వంటివి కావాలంటే అయిపోయిన బాల్‌పెన్ను రీఫిలుతో ముందుగా కాగితం మీద నొక్కి గీసి, దాని పైన రంగు వేస్తే, నొక్కిన గాడి తెల్లగా మిగులుతుంది. పిల్లలకు ఇది ఇంద్రజాలం. ఈ ఒక్క చిట్కాతో ఒక నెల రోజులు తరగతి నిండుగా సాగుతుంది.

మన టౌన్‌షిప్పులో నా పేరు తెలియడానికి కారణం వీడ్కోలు సభలు. ఎవరైనా పదవీ విరమణ చేస్తుంటే ఆ శాఖవారు చందాలు వేసుకుని, పాస్‌పోర్టు సైజు ఫోటో ఒకటి ఇచ్చి, నా చేత ముఖచిత్రం గీయించి, అద్దం కట్టించి ఇచ్చేవారు. ఒక్కొక్క దానికి ఇరవై ఐదు, ముప్పై గంటలు పట్టేది. పెన్సిళ్ళ ఖర్చు మాత్రమే తీసుకునేవాణ్ణి. అది ఔదార్యం కాదు. ఆ ముఖాలే నాకు పాఠశాల. పిల్లల పెట్టెలలో 'చర్మం రంగు' అని ఒక లేత గులాబీ పెన్సిలు వచ్చేది. ముప్పై అయిదేళ్ళ ఉద్యోగంలో ఆ రంగు చర్మం ఉన్న కార్మికుణ్ణి మన గేటు వద్ద ఒక్కణ్ణీ చూడలేదు! మన చర్మానికి అడుగున పసుపు, దాని మీద ఇటుక రంగు, దాని మీద ముదురు గోధుమ, నీడలలో వంగపండు రంగు కావాలి. కొలుముల దగ్గర పనిచేసినవారి బుగ్గలకు ఇటుక రంగు ఇంకొక పొర ఎక్కువ పడుతుంది.

1987లో క్లబ్బు హాలులో ఆదివారం ఉదయం తరగతి ప్రారంభించాను. ఆరేడుగురితో మొదలై నలభైమంది వరకు వచ్చిన రోజులున్నాయి. ఎక్కువమంది దగ్గర పన్నెండు రంగుల చవక పెట్టె ఉండేది. అందులో నీలం, నలుపు మూడు నెలల్లో బొటనవేలంత అవుతాయి; తెలుపు మాత్రం కొన్ననాడు ఉన్నట్టే ఉంటుంది. అమెరికాలో 1990లోనే రంగు పెన్సిలు చిత్రకారులు తమకంటూ ఒక సంఘం పెట్టుకున్నారని చాలాకాలం తరువాత చదివి సంతోషించాను. మన పోటీలలో మాత్రం దాన్ని చిన్నపిల్లల విభాగానికే పరిమితం చేసేవారు.

ఇక ఆ బొమ్మ సంగతి.

1998లో వ్యవస్థాపక దినోత్సవానికి పిల్లల చిత్రలేఖన పోటీ పెట్టారు. విషయం 'మా ఇల్లు'. ఇంటివద్ద గీసి తెచ్చి ఇవ్వవచ్చు. నా తరగతిలో కోకు ఓవెన్సులో పనిచేసే కార్మికుని కుమార్తె ఒకతె ఉండేది. పదేళ్ళ పిల్ల, మితభాషిణి. అందరూ ఎర్ర పెంకుల ఇల్లు, రెండు కొబ్బరిచెట్లు, మధ్య సూర్యుడు వేస్తే, ఆమె రాత్రి షిఫ్టు చేసి వచ్చి పగలు నిద్రిస్తున్న తన తండ్రిని వేసింది. కిటికీలకు దుప్పట్లు కట్టిన గది. గదంతా వంగపండు రంగు చీకటి. గులాబీ రంగు దోమతెర. దానిలోంచి మంచం చివర ఇవతలికి వచ్చిన రెండు పాదాలు. ముఖం కనపడదు.

చూడగానే మంచి బొమ్మ అని తెలిసింది. మరుక్షణం నాలోని చెకర్ లేచాడు. ఎడమ పాదానికి నాలుగే వేళ్ళున్నాయి. మడమ కొంచెం వంకరగా ఉంది. మరునాడు ఉదయమే బొమ్మలు అప్పగించాలి. పిల్ల ఇంటికి వెళ్ళిపోయింది. రాత్రి బల్ల దగ్గర కూర్చుని, నా జర్మనీ పెన్సిళ్ళు తీసి, ఆ పాదానికి అయిదవ వేలు పెట్టాను. మడమ సరిచేశాను. పెట్టినవాణ్ణి అక్కడితో ఆగానా? రెండు పాదాలకూ నీడలు దిద్దాను, గోళ్ళకు మెరుపు వదిలాను. ముప్పావు గంట పట్టింది. ఆమెకు ఉపకారం చేస్తున్నాననే నమ్మకంతోనే చేశాను. నిజం చెప్పాలంటే, న్యాయనిర్ణేతలు ఆ పాదాలు చూసి 'ఎవరి శిష్యురాలు?' అని అడగాలనే కోరిక కూడా లోపల ఎక్కడో ఉంది.

ప్రథమ బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలు పాదాలను ప్రత్యేకంగా మెచ్చుకున్నారు. చప్పట్ల మధ్య ఆ అమ్మాయి బహుమతిగా ఇచ్చిన టిఫిన్ క్యారియరు అందుకుని, గోడకు పెట్టిన బొమ్మ దగ్గరకు వెళ్ళి చాలాసేపు చూసింది. నేను వెనుక నిలబడి ఉన్నాను.

"మా నాన్నకు ఆ కాలికి నాలుగు వేళ్ళే మాస్టారూ" అంది.

అంతకు మించి ఏమీ అనలేదు. నిష్ఠూరంగా కూడా అనలేదు. నేను ఏదో సమాధానం చెప్పాను; ఏమి చెప్పానో గుర్తులేదు, గుర్తుంచుకోదగినది కాదు కాబోలు. తరువాతి ఆదివారం ఆమె రాలేదు. ఆ తరువాత కూడా రాలేదు.

రెండు వారాలు చూసి వాళ్ళ క్వార్టరుకు వెళ్ళాను. తండ్రి అప్పుడే నిద్రలేచి వాకిట్లో స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. చిన్నతనంలో ఊళ్ళో ఎడ్లబండి చక్రం కింద కాలు పడి చిటికెనవేలు పోయిందట. సంగతి విని పగలబడి నవ్వాడు. "పోనీలెండి మాస్టారూ, డాక్టర్లు పెట్టలేని వేలు మీరు పెట్టారు" అన్నాడు. కూతుర్ని పిలిచాడు. ఆమె తలుపు వెనుకనుంచి రాలేదు. వాళ్ళమ్మ ఇచ్చిన టీ తాగి వచ్చేశాను. క్షమించమని పెద్దవాళ్ళను అడిగాను గాని, అడగవలసిన మనిషిని అడగనే లేదు.

బహుమతి చిత్రం గనుక దాన్ని అద్దం కట్టించి క్లబ్బు హాలులో పెట్టారు, దక్షిణపు కిటికీకి ఎదురుగా. ప్రతి ఆదివారం దాని కిందనే పాఠం చెప్పేవాణ్ణి. నాలుగైదేళ్ళు గడిచేసరికి దోమతెర గులాబీ రంగు పలచబడడం గమనించాను. తరువాత గది చీకటి వెలవెలబోయింది. ఎందుకిలా అని ఇంట్లో ఒక పరీక్ష చేశాను. పిల్లల పెట్టెలోని పన్నెండు రంగులనూ ఒక కాగితం మీద పట్టీలుగా వేసి, సగం నల్ల కాగితంతో కప్పి, మూడు నెలలు ఎండ పడే కిటికీలో ఉంచాను. కప్పు తీసి చూస్తే గులాబీ, వంగపండు దాదాపు పోయాయి. గోధుమ రంగు సగం వెలిసింది. నలుపు చెక్కుచెదరలేదు. పక్కనే వేసిన నా ఇటుక రంగు, ముదురు గోధుమ పట్టీలలో కప్పిన సగానికీ కప్పని సగానికీ తేడాయే కనపడలేదు. బొగ్గునుంచి, ఇనుప తుప్పు కలిసిన మట్టినుంచి వచ్చే రంగులు వెలుగుకు నిలుస్తాయి; చవక గులాబీలు నిలవవు. ఇప్పుడు ఆ జర్మనీ రకం పెన్సిళ్ళ కర్ర మీదనే ఏ రంగు ఎంతకాలం నిలుస్తుందో నక్షత్రాలతో ముద్రిస్తున్నారు. అప్పట్లో నాకు అంత తెలియదు. తెలిసినా ఆ రాత్రి ఆగేవాణ్ణి కాదేమో.

2014లో హాలుకు సున్నం వేస్తూ ఫ్రేములన్నీ దించారు. ఆ బొమ్మను నేను అడిగి తీసుకున్నాను. దోమతెర లేదు. చీకటి లేదు. తెల్లబోయిన కాగితం మీద పది వేళ్ళతో రెండు పాదాలు మాత్రం నిగనిగలాడుతూ ఉన్నాయి. ఆ అమ్మాయి వేసినవాటిలో మిగిలింది మంచం కోళ్ళ నల్లగీత ఒక్కటే. పాత వృత్తి అలవాటుకొద్దీ, ఆ అయిదవ వేలినైనా గీకివేద్దామని కొత్త బ్లేడు తీశాను. ట్రేసింగు కాగితమైతే లొంగేది. ఇది మెత్తని డ్రాయింగు కాగితం, రెండు గీకులకే నూగు లేచింది. ఆపేశాను.

తండ్రి 2006లో పదవీ విరమణ చేసి స్వగ్రామం వెళ్ళిపోయాడు. ఆయన వీడ్కోలు సభకు నన్ను ఎవరూ ముఖచిత్రం అడగలేదు, అడగకపోవడమే మేలయింది. కూతురు వేరే నగరంలో బ్యాంకు ఉద్యోగం చేస్తున్నదని విన్నాను. బొమ్మలు వేస్తున్నదో లేదో చెప్పినవారు లేరు. చిత్రాన్ని పలుచని కాగితంలో చుట్టి వెలుగు సోకని సొరుగులో ఉంచాను. ఆమె ఎప్పుడైనా అడిగితే ఇవ్వాలి. ఈ వ్యాసం ఆమెకు చేరుతుందో లేదో తెలియదు గాని, మన పత్రిక దూరప్రాంతాలకూ పోతుంది కదా అనే ఆశ ఒకటి ఉంది.

ఇప్పటికీ ఆదివారం తరగతి సాగుతున్నది, పది పన్నెండు మందితో. నా జేబులో ఎప్పుడూ చిత్తు కాగితాలు ఉంటాయి. చూపించవలసినది వాటి మీద గీసి చూపుతాను. పిల్లల కాగితం మీద పెన్సిలు మోపను. తల్లిదండ్రులు కొందరు, "మీరు ఒక్కసారి చెయ్యి వేస్తే బాగుంటుంది మాస్టారూ" అంటారు. నవ్వి ఊరుకుంటాను. బొమ్మలో ఏదైనా తక్కువగా కనిపిస్తే, గీయక ముందు పిల్లను అడుగుతాను.

గత ఆదివారం ఒక కుర్రవాడు ఆవును వేసి ఒకే కొమ్ము పెట్టాడు. పక్కన కూర్చుని, "నాయనా, ఈ ఆవుకు ఒకటే కొమ్మా?" అని జాగ్రత్తగా అడిగాను. వాడు ఒకసారి ఆవు వంక, ఒకసారి నా వంక చూసి, "లేదు తాతగారూ, మరిచిపోయాను" అని చెప్పి, రెండవ కొమ్ము తానే వేసుకున్నాడు.