ముందు అడిగితే తప్పా?

మా పెనుగంచిప్రోలు పేరు చెబితే ఎవరికైనా తిరుపతమ్మ తల్లే గుర్తొస్తుంది. నాకు మాత్రం అమ్మవారితో పాటు వేలంపాటలూ గుర్తొస్తాయి. తిరునాళ్ళ దగ్గర పడుతుంటే మా ఊరి టీకొట్లలో కూడా ధరావతు, హెచ్చుపాట, షెడ్యూలు అనే మాటలే.

పాటలో ఒక సుఖం ఉంది. కొట్టు కళ్ళముందే ఉంటుంది. చూసుకుని పాడుకోవచ్చు. టెండరు అలా కాదు. కొనేవాడు తనకేం కావాలో కాగితం మీద రాస్తాడు. ఆ కాగితమే తప్పయితే ఇక ఎవరు వేసినా ఉపయోగం లేదు.

కొన్నేళ్ళ కిందట ఈ చుట్టుపక్కలే ఒక ఆఫీసు వేసవికి నీళ్ళ ట్యాంకర్లు కావాలని టెండరు పిలిచింది. ఒక్కో ట్యాంకరు పదివేల లీటర్లు ఉండాలన్నారు. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా వెతికినా మా వాళ్ళ దగ్గర ఉన్నవన్నీ ట్రాక్టరుకు తగిలించే అయిదువేల లీటర్లవే. మా బాబాయికీ అలాంటివే రెండుండేవి. చివరికి ఒకే ఒక్క టెండరు పడింది. రద్దు చేసి మళ్ళీ పిలిచేసరికి సగం ఎండాకాలం అయిపోయింది. బిందెలు పట్టుకుని రోడ్డెక్కింది మాత్రం ఆడవాళ్ళు.

బాబాయి ఉండబట్టలేక అడిగాడు: "ముందే ఒక్కమాట అడిగుంటే చెప్పేవాళ్ళం కదా సార్!"

"అడిగితే నీకోసమే రాశానంటారయ్యా" అన్నాడాయన.

ఆయన భయమూ అబద్ధం కాదు. కానీ నిబంధనలు అడగొద్దని ఎక్కడా అనలేదు. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్ళకు వర్తించే 2017 నాటి సాధారణ ఆర్థిక నిబంధనల్లో ప్రీబిడ్ సమావేశం గురించి ఉంది. తేదీ, చోటు ముందే చెప్పాలి. అక్కడ జరిగింది రాసి టెండరు వేసే వాళ్ళందరికీ తెలియజేయాలి, వెబ్‌సైట్లోనూ పెట్టాలి. మన రాష్ట్రంలో 2019లో చేసిన చట్టం ప్రకారం వంద కోట్లు, ఆపైన విలువున్న పనుల టెండరు పత్రాలను న్యాయమూర్తి పరిశీలించేవారు. జనం అభిప్రాయాలు చెప్పడానికి వారం గడువూ ఉండేది. 2024లో ఆ చట్టం రద్దయింది.

ప్రీబిడ్ సమావేశం టెండరు పిలిచాక జరిగేది. నేననేది అంతకన్నా ఒక అడుగు ముందు, షెడ్యూలు రాయకముందే అడగమని. ఒక్కడినే గదిలోకి పిలిచి మాట్లాడితే అది కుమ్మక్కు. నోటీసు బోర్డు మీద పెట్టి, ఆ వ్యాపారం చేసేవాళ్ళందరినీ పిలిచి, "మీ దగ్గర ఏ సైజువి ఉన్నాయి? రోజుకెన్ని ట్రిప్పులు తిప్పగలరు? బిల్లు ఎన్నాళ్ళకొస్తే నెగ్గుకొస్తారు?" అని అడిగి, చెప్పింది రాసి అదే బోర్డుకి అంటిస్తే అందులో దాపరికం ఏముంది? రేటు ఊసు మాత్రం అక్కడ ఎత్తకూడదు. ఎత్తితే అందరూ రింగైపోతారు. అందరి మాటా విన్నాక షరతు రాసేది మాత్రం ఆఫీసరే.

మా వైపు పాత ట్రాక్టరు కొనాలన్నా నలుగుర్నీ అడగనివాడు ఉండడు. సొంత డబ్బుకి అంత జాగ్రత్త పడేవాళ్ళం, జనం సొమ్ము దగ్గరికొచ్చేసరికి నోరు మెదపకపోవడమే నిజాయితీ అనుకుంటే ఎలా?