మెట్ట నుంచి నూజివీడుకు

కృష్ణాజిల్లా అనగానే అందరికీ కాలవలూ, వరిచేలూ జ్ఞాపకం వస్తవి. బెజవాడ నుంచి హైదరాబాదు దారిన బయలుదేరి కీసర దగ్గర మునేరు దాటి చూడండి. ఇదీ ఆ జిల్లాయేనా అనిపిస్తుంది! నందిగామ చుట్టూ పత్తి, మిరప. జగ్గయ్యపేట వైపు సున్నపురాయి, సిమెంటు ఫ్యాక్టరీలు. 2022లో ఇదంతా ఎన్టీఆర్ జిల్లాలో చేరింది గాని, మావాళ్ళ నోట ఇప్పటికీ కృష్ణాజిల్లా మెట్టే.

పదోతరగతి ఫలితాలు రాగానే ఇక్కడ ఏ అరుగు మీద విన్నా ఒకటే ప్రశ్న: "మీవాడికి నూజివీడు వస్తుందా?"

నూజివీడు అంటే మామిడిపళ్ళు కావు, ట్రిపుల్ ఐటీ. 2008లో రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్ అనే పేరున నూజివీడు, ఇడుపులపాయ, బాసరలలో మొదలయింది. ప్రవేశపరీక్ష లేదు. పదిలో వచ్చిన మార్కులే చూస్తారు, సర్కారు బడి పిల్లలకు మరికొంత కలుపుతారు. కోచింగు కొనలేని ఇంటికి ఇంతకన్న కావలసిందేమున్నది? చేరినవారికి ఆరేళ్ళ చదువు: రెండేళ్ళు ఇంటరుతో సమానమైన పి.యు.సి., నాలుగేళ్ళు ఇంజనీరింగు.

దీనికి రూపు దిద్దినవారిలో ముఖ్యులు రాజ్ రెడ్డిగారు. చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టి, గిండీలో చదివి, 1966లో స్టాన్‌ఫర్డులో డాక్టరేటు పొందారు. మనిషి మాటను యంత్రం చేత గ్రహింపజేయటం ఆయన చేసిన కృషి. కంప్యూటరు శాస్త్రంలో నోబెల్ వంటిదనే ట్యూరింగ్ బహుమానాన్ని 1994లో మరొకరితో కలిసి అందుకున్నారు. ఆసియా ఖండంలో పుట్టినవారికి అది రావటం అదే మొదలు. పల్లెటూరి పిల్లవాడికి తెలివి తక్కువ కాదు, దారి తక్కువ అని ఆయనకు వేరే చెప్పాలా?

పనివాడు సొంత ఊరిపేరు చాటుకోవటం మా సీమలో పాత అలవాటే. జగ్గయ్యపేట ధనంబోడు మీది బౌద్ధస్తూపానికి మూడో శతాబ్దంలో అయిదు ఆయకస్తంభాలు కానుక పెట్టిన శిల్పి సిద్ధార్థుడు, ఇక్ష్వాకురాజు వీరపురుషదత్తుడి ఇరవయ్యో ఏటి శాసనంలో తన గ్రామాన్ని కూడా చెక్కించాడు.

తెలుగు పాఠం చెప్పుకునే నాకు ఒక్కటే బెంగ. తెలుగు బడిలో చదివిన పిల్ల అక్కడ ఒక్కసారిగా ఇంగ్లీషులో పడుతుంది. మొదటి ఏడు గడవటమే గండం. గడిస్తే మాత్రం వెనుతిరిగి చూడరు. తరవాత శాఖలు ఎంచుకోవాలి. సివిలూ ఉన్నది, మెకానికలూ ఉన్నది. అయినా సిమెంటు ఫ్యాక్టరీ పక్కన పుట్టినవాడు కూడా కంప్యూటరే కావాలని కూర్చుంటాడు!