మిద్దె మీద ఉప్పు

నెల్లూరు దగ్గర మైపాడు వైపు ఉండేవాళ్ళకు బోరు నీళ్ళ సంగతి కొత్తగా చెప్పక్కర్లేదు. ఒకపక్క రొయ్యల గుంటలు, ఒకపక్క సముద్రం. ఆ నీళ్ళకు కందిపప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. మా ఇంట్లోనూ తాగడానికీ వంటకీ క్యాన్ నీళ్ళే. మొక్కలకు మాత్రం ఆ బోరు నీళ్ళనే మోటారు వేసి మిద్దె మీదికి ఎక్కించాను. మనం తాగలేనివి అవి ఎలా తాగుతాయన్న ఆలోచనే నాకు రాలేదు.

హైదరాబాదులో తుమ్మేటి రఘోత్తమరెడ్డి గారి మిద్దెతోట చూశాక నాకూ ఆశ పుట్టింది. ఎర్రమట్టి, మాగిన పశువుల ఎరువు కలిపి కుండీలు నింపాను. బీన్స్, టమాటా, వంగ వేశాను. ఎండలు ముదిరేసరికి ఆకుల అంచులు మాడసాగాయి. మొదట బీన్స్ పోయాయి. టమాటా కాయల అడుగులు నల్లబడ్డాయి. నీళ్ళు చాలడం లేదేమోనని పొద్దునా సాయంత్రమూ తలా ఒక చెంబు పోశాను. మిద్దె తడవకుండా కుండీల కింద పళ్ళేలు పెట్టాను. కిందికి దిగిన నీళ్ళను మట్టి మళ్ళీ పీల్చుకునేది. మొక్కలు నీరసంగా ఉన్నాయని డీఏపీ కూడా వేశాను. అదీ ఒక లవణమే.

మట్టి కుండీల బయట తెల్లటి పొర కట్టింది. గోటితో గీకితే పొడిగా రాలేది. సున్నం అనుకున్నాను. ఒక్కసారి నాలుక మీద వేసుకుని ఉంటే ఆ రోజే తెలిసిపోయేది.

2023 డిసెంబరులో మిగ్‌జాం తుపాను వానలకు, చచ్చాయనుకున్న వంగమొక్కలు చిగుర్లు వేశాయి. ఎండ తగ్గింది కదా, అందుకే తేరుకున్నాయనుకున్నాను. మట్టిని కడిగిన ఆ మంచి నీళ్ళే నా కళ్ళముందు మిద్దె గొట్టంలోంచి వీధి కాలవలోకి పోయాయి. తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

మళ్ళీ వేసవి, మళ్ళీ మాడిన ఆకులు. మా వీధిలో రొయ్యలు పెంచే అతను చూసి, "అన్నా, ఈ నీళ్ళ సెలినిటీ ఎప్పుడన్నా చూసినావా?" అని అడిగాడు. గుంటకు వాడే పరికరం తెచ్చి బోరు నీటి చుక్క వేసి చూశాడు. రెండు. సముద్రంలో 35 దాకా ఉంటుంది, రొయ్యకు రెండు ఒక లెక్కా? టమాటాకు మాత్రం అది చాలా ఎక్కువ. రెండంటే లీటరుకు 2 గ్రాముల ఉప్పు. 10 లీటర్ల బకెట్టుకు 20 గ్రాములు. నీళ్ళు ఆవిరైపోతాయి, మొక్క తాగేస్తుంది. ఉప్పు మాత్రం మట్టిలోనే పేరుకుంటుంది. అది ముదిరితే మట్టి తడిగా ఉన్నా వేరు నీళ్ళు లాగలేదు. ఎండకు మాడాయనుకున్న మొక్కల్ని మాడ్చింది నా చెంబే.

పళ్ళేలు తీసేశాను. కుండీలను ఇటుకల మీదికి ఎత్తాను. ఇప్పుడు పోసినప్పుడల్లా అడుగు బెజ్జాల్లోంచి ధారగా కారేదాకా పోస్తున్నాను, పైన ఎండుటాకులు కప్పుతున్నాను. అసలు మందు వాన నీళ్ళు. నెల్లూరు వైపు ఏడాది వానలో సగానికి పైగా అక్టోబరు నుంచి డిసెంబరు లోపే పడుతుంది. 100 చదరపు మీటర్ల మిద్దె మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే 1000 లీటర్లు. గొట్టాన్ని కింద పెట్టిన డ్రమ్ముల్లోకి తిప్పించాను. డ్రమ్ములు మిద్దె మీద పెట్టకండి. మనుషులు తిరిగే మిద్దెకు చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన బరువు కడతారు, 200 లీటర్ల డ్రమ్ము అంతకన్నా చిన్న జాగాలోనే 200 కిలోలు మోపుతుంది. పైగా ఉప్పుగాలికి మన శ్లాబుల్లో ఇనుము తొందరగా తుప్పు పడుతుంది.

డ్రమ్ముల్లో పట్టినవి వేసవంతా రావు. అందుకే ఆ నీళ్ళు నారుకే. లేత వేళ్ళు ఉప్పును అసలు తట్టుకోలేవు. టమాటా, వంగ నారు వానలకు ముందు పోస్తున్నాను. వేసవికి పాలకూర, గంగపాయలాకు చాలు, అవి బోరు నీళ్ళకు ఓర్చుకుంటాయి. బీన్స్ ఆశ వదులుకున్నాను.